సైడు డ్రమ్ము మొరాయిస్తే తప్పు ఎవరిది?

సావనీరుకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, యువత కర్తవ్యాన్ని గురించో దేశ పురోగతిని గురించో రాస్తాననుకొని ఉంటారు. ఆ విషయాలు రాసే మిత్రులు ఈ సంచికలో ఎలాగూ నలుగురుంటారు. నేను మాత్రం సైడు డ్రమ్ము పక్కన ఉండే, అరచేతిలో ఇమిడే ఒక సామాను గురించి రాస్తున్నాను.

పోయిన వార్షికోత్సవం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ముఖ్య అతిథిగారు గేటు దాటి నాలుగడుగులు వేశారో లేదో, అప్పటిదాకా గలగలలాడుతున్న బ్యాండువారి సైడు డ్రమ్ము ఉన్నట్టుండి ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు 'డబ్ డబ్' మన్నది. మనమంతా ఈలలు వేసి నవ్వాం. నేనూ నవ్వాను. సాయంత్రం లెక్క చూసేటప్పుడు మనవాళ్ళు ఒప్పుకున్న డబ్బులో కొంత కోసి ఇచ్చారు. ఆ వాయించినాయన మా కొలకలూరు ఆయనే. ఆ సంగతి ఆ రోజు నేనెవరికీ చెప్పలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళాను. "ఏం బాబాయ్, ఆ రోజు ఏమైంది?" అన్నాను. "ఏమవుద్ది అబ్బాయ్, లీవరు జారింది. తీగ చుట్టి కట్టా. ఆ దెబ్బలకి ఎంతసేపని ఆగుద్ది?" అన్నాడు. నా మీద కోపం కూడా చూపించలేదు. అంతకుముందు ఒక పెళ్ళి ఊరేగింపులోనూ ఇట్లాగే జరిగి, బయానా పోను రావలసిన డబ్బు సగమే చేతికొచ్చిందట.

సంగీతం తెలిసినవారికి ఒక్క మాటలో చెప్పొచ్చు. తంబురాకు జీవ దారం ఎట్లాంటిదో, సైడు డ్రమ్ముకు అడుగున ఉండే తీగలు అట్లాంటివి. సాధారణంగా ఇరవై దాకా సన్నని చుట్ల తీగలు పక్కపక్కనే ఉండి, కింది పొరను ఆనుకుని ఉంటాయి. పై పొర మీద పుల్ల పడగానే లోపలి గాలి కింది పొరను అదిలిస్తుంది, తీగలు దానికి తగిలి గలగలమంటాయి. ఆ తీగలను ఒకవైపు కదలకుండా పట్టి ఉంచి, రెండోవైపు లీవరుతో పైకి లాగి, మరతో బిగిస్తారు. ఆ లీవరూ మరా కలిసిన సామానునే కేటలాగుల్లో స్ట్రెయినర్ అంటారు. అది వదిలితే తీగలు కిందికి వేలాడతాయి. ఇక ఎంతటి విద్వాంసుడు వాయించినా వచ్చేది డబ్బా మోతే.

డప్పు వదులైతే గడ్డి మంట చూపిస్తే బిగుస్తుంది. పాతకాలపు తోలు డ్రమ్ములు కూడా మన కృష్ణా డెల్టా వానాకాలంలో మెత్తబడేవి. అప్పుడు వాతావరణం మీద నెపం వేయడానికి వీలుండేది. అమెరికాలో 1957లో రెమో బెల్లీ వంటివారు ప్లాస్టిక్ పొరలు చేసి అమ్మడం మొదలుపెట్టాక, అవి ఇక్కడికీ వచ్చాక, ఆ నెపం చాలా వరకు పోయింది. అయినా మన జనం మాత్రం వాయించేవాడికి చేతకాదనో, డ్రమ్ము పాతబడిందనో అంటారు. రెండూ తొందరపాటు మాటలే.

ఆ వేళ అరుగు మీద కూర్చుని ఒక పని చేశాం. లీవరు ఎక్కించి, మర మీదా దాని పక్కన రేకు మీదా కలిసేటట్టు సుద్దముక్కతో ఒక గీత గీశాం. తర్వాత ఆయన పది నిమిషాలు గట్టిగా వాయించాడు. (ఇరుగుపొరుగు వారు పెళ్ళెవరిదని అడిగారు.) గీత పక్కకు జరిగితే, అదురుకు మర తిరుగుతోందన్నమాట. గీత కదలకుండానే మోత చచ్చిపోతే, తీగలను కట్టిన తాడు జారుతోందన్నమాట. దాని స్థానంలో వెడల్పాటి నైలాను పట్టీ వేసి, రెండు వైపులా సమంగా లాగి బిగిస్తే సరిపోతుంది. కొత్త సామాను అక్కర్లేదు. మా బాబాయి డ్రమ్ములో గీత కదల్లేదు, తాడూ జారలేదు. లీవరే దానంతటది కిందికి పడింది. ఇరుసు అరిగిపోయింది.

ఇక్కడే నాకూ ఆయనకూ అభిప్రాయభేదం వచ్చింది. సైకిలు ట్యూబు ముక్కతో కడతానంటాడు ఆయన. ఆ కట్టు నేర్పును నేను తక్కువ చేయడం లేదు. దానితోనే ఆయన ఎన్నో ఊరేగింపులు నడిపించాడు. కాని అరిగిన ఇరుసుకు కట్టు కట్టడమంటే ప్రతి ఊరేగింపులోనూ తన కూలిని పందెం ఒడ్డడమే. తాడు జారితే బాగుచేయి, మర తిరిగితే కింద వాషరు వేయి, ఇరుసు అరిగితే మాత్రం మార్చేయాల్సిందేనని నా వాదన. కొత్త స్ట్రెయినర్ ఖరీదు డ్రమ్ము ఖరీదులో చిన్న పాలు.

చిక్కల్లా చిల్లుల దగ్గర ఉంది. మనవాళ్ళ బ్యాండు సామాను చాలా వరకు మీరట్ నుంచి వస్తుంది. అక్కడ నాదిర్ అలీ కంపెనీ 1885 నుంచి ఉంది, దాని తర్వాత చిన్నా పెద్దా కార్ఖానాలు ఎన్నో వెలిశాయి. అందరి చిల్లుల ఎడం ఒకటి కాదు. కాబట్టి పాత సామాను ఊడదీసి, చిల్లు నడిమి నుంచి చిల్లు నడిమికి కొలిచి, ఆ ముక్కను చేత పట్టుకునే కొట్టుకు వెళ్ళాలి. కొలత కుదరకపోతే డ్రమ్ముకు కొత్త చిల్లులు పొడవకండి, చెక్క చీలుతుంది. మధ్యలో ఒక రేకు పలక పెట్టి, దానికి చిల్లులు వేయించుకోవడం మేలు. మేం తెనాలిలో ఒక లేతు షాపులో అట్లాగే చేయించాం. బాబాయి రెండు రోజులు అలిగి, మూడో రోజు ఆ డ్రమ్ము తీసుకుని పెళ్ళికి పోయాడు.

ఇక మన సంగతి. మన కాలేజీ సామాను గదిలో మూడు సైడు డ్రమ్ములు బూజు పట్టి ఉన్నాయి. వాటికి తోడు ఈసారి నాలుగోది కొనాలని యూనియన్ తీర్మానం చేసింది. నేను తాళం అడిగి తీసుకుని ఆ మూడింటినీ చూశాను. ఒకదానికి తాడు తెగింది, రెండింటికి లీవరు నిలవడం లేదు. పొరలు మూడింటికీ బాగానే ఉన్నాయి. కొత్తది కొనకుండా ఈ మూడూ బాగుచేయించాలని, ఆ పని మా బాబాయికే అప్పగించి కూలి ఇవ్వాలని, ఆ రోజు కోసిన డబ్బు కూడా అందులో కలపాలని అర్జీ రాసి ఇచ్చాను. రెండు లీవర్ల చిల్లుల కొలతలూ ఆ అర్జీ వెనకే రాశాను. కోశాధికారిగారి సంతకం ఇంకా కావలసి ఉంది.