శీతల గిడ్డంగులు – అమ్మోనియా అపాయము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులు మిరప మొదలగు పంటను మంచి ధర వచ్చువఱకు శీతల గిడ్డంగులలో నిలువ చేసికొనుట మేలైన పనియే. కాని బస్తాకు అద్దె యెంతయని అడుగువారేగాని, చలిని పుట్టించు వాయువు గొట్టములనుండి కారినచో ఎట్లు తెలియునని అడుగువారు అరుదు. ఈ ప్రశ్నయే మొదట అడుగవలసినదని మా అభిప్రాయము.

పెద్ద గిడ్డంగులలో తఱచుగా వాడబడునది అమ్మోనియా. దాని ఘాటు స్వల్పముగా కారినను పట్టియిచ్చును. అయినను ముక్కును మాత్రమే నమ్మరాదు. నిత్యము ఆ వాసనలో మెలగువానికి అది క్రమముగా తెలియకుండ పోవును. రాత్రి తాళము వేసిన గదిలో వాసన చూచువాడే యుండడు. గాలిలో పదిలక్షల పాళ్లకు 300 పాళ్లు చేరినచో ప్రాణాపాయము. 2020 జూన్ 27వ తేదీన, నాడు మన జిల్లాలోనిదైన నంద్యాలలో ఒక కర్మాగారమున అమ్మోనియా కారి యొకరు మరణించిరి.

పరీక్ష కష్టమైనది కాదు. తడిపిన ఎఱ్ఱ లిట్మసు కాగితమును గొట్టపు అతుకులయొద్ద ఉంచినచో, కారుచున్నచోట అది నీలమగును. వాసన లేని ఫ్రియాను జాతి వాయువులకు సబ్బునీరు పూసి బుడగలు చూడవలయును. వీనికితోడు, 25 పాళ్లకే గంట మ్రోగించు యంత్రము రేయింబవళ్లు పనిచేయుచుండవలయును. గంట మ్రోగినచో, బస్తాలకై లోనికి పోక, తడిగుడ్డ ముక్కునకు పట్టుకొని, గాలివాటున గాక దానికి అడ్డముగా దూరము పోవలయును. చల్లని ఆవిరి మంచువలె నేలనంటి ప్రాకునుగాన క్రింద కూర్చుండరాదు.

యంత్రమునకు వ్యయమగునని యజమానులందురు. నిజమే. కాని లోపల మూటలు మోయు హమాలీ ప్రాణమునకు వెల కట్టగలవారెవరు? సరకునకును నష్టము కలదు. ఈ వాయువు సోకిన ఎఱ్ఱని ఉల్లిగడ్డ పొర నల్లబడును.

ఒంటరి రైతు అడిగిన వినువారుండరు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేతవారిని సహకార సంఘముగా కూర్చిరి. విడివిడిగా సాధ్యము కానిది కూడి సాధింపవచ్చునని మనకు పొరుగుననే నిదర్శనము కలదు. కావున రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఒక తీర్మానము చేయవలయును: గంట యంత్రము, నెలనెలా అతుకుల పరీక్ష, శిక్షణ పొందిన పనివాడు – ఈ మూడును లేని గిడ్డంగిలో మన సంఘపు సరకు వేయరాదు. అద్దె తగ్గించుమని బేరమాడు నోటితోనే ఈ మాటయు అడుగుదము.