మాయమైపోలేదు, వలస పోయారు

పాలపుంతను ఇంత దగ్గరగా చూడడం చిన్నప్పుడు డాబా మీద పడుకున్న రోజుల తర్వాత మళ్ళీ ఇప్పుడే. కొలరాడో రాష్ట్రం నైరుతి మూల, మెసా వెర్డే నేషనల్ పార్కులో మోర్‌ఫీల్డ్ క్యాంపుగ్రౌండు. దాదాపు 7,800 అడుగుల ఎత్తు. పగలు పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయే పొడిగాలి. పొద్దు గుంకితే ఎండాకాలంలోనూ స్వెట్టరు తొడుక్కోవాల్సిందే. జునిపర్ చెట్ల వాసన మధ్య టెంటు వేసుకుని, పిల్లలతో రెండు రాత్రులు ఉన్నాం.

మర్నాడు క్లిఫ్ ప్యాలెస్‌కి వెళ్ళాం. టికెట్టు కొని, రేంజరు వెంట, నిచ్చెనలెక్కి చూడాలి. కొండచరియ కింద పెద్ద తొర్ర. అందులో సుమారు 150 గదులు, కీవాలనే 23 గుండ్రటి పూజాగదులు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ప్యూబ్లో జనం కట్టుకున్న ఊరది. వాన నీరు, మంచు నీరు ఇసుకరాతిలోంచి ఇంకుతూ దిగి, అడుగున నీటిని ఇంకనివ్వని పొర తగిలి, చరియలోంచి ఊటగా బయటికొస్తాయి. ఏళ్ళ తరబడి ఆ తడికే రాయి వదులై రాలి తొర్రలు ఏర్పడ్డాయి. నీళ్ళున్న చోటే నీడా దొరికింది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి చేలు మాత్రం పైన మిట్ట మీద. రాతిలో కాలివేళ్ళు పట్టేటంత గుంటలు చెక్కుకుని, వాటిలో కాళ్ళూ చేతులూ ఆనించి ఎక్కి దిగేవాళ్ళు.

రాళ్ళ సందుల్లో మెత్తిన మట్టి మీద వాళ్ళ వేలిముద్రలు ఇప్పటికీ ఉన్నాయి. రేంజరు చూపిస్తే వంగి చూశాను. మట్టి కూరి బొటనవేలితో నొక్కిన గుంట. మా అమ్మమ్మ పొయ్యిగట్టు అలికినప్పుడు సరిగ్గా ఇలాంటి అచ్చులే మిగిలేవి.

ఆ వేలిముద్ర చూశాక నాకు ఒక మాట మీద కోపం వచ్చింది. మాయమైపోయిన జాతి, అంతరించిన నాగరికత అని ఈ చోటు గురించి ఎంతమంది రాశారో! మనవాళ్ళూ వచ్చి చూసి అదే మాట అంటున్నారు. 1276లో మొదలైన కరువు 1299 దాకా సాగిందని చెట్ల వలయాలు చెబుతున్నాయి. కొట్లాటలూ తోడయ్యాయని పండితులంటారు. పిల్లాజెల్లా అంతా దక్షిణంగా రియో గ్రాండే లోయకీ, హోపీ, జూనీ ఊళ్ళకీ వెళ్ళిపోయారు. వాళ్ళ సంతతి ఇవాళ న్యూ మెక్సికోలోని 19 ప్యూబ్లో ఊళ్ళలో, ఆరిజోనాలోని హోపీ గ్రామాల్లో ఉంది. కరువుకు పాలమూరు నుంచి మూట నెత్తిన పెట్టుకుని పోయినవాళ్ళను మాయమైపోయారని మనం ఏనాడైనా అన్నామా? వలస పోయారు అన్నాం. ఇక్కడా ఆ మాటే సరైనది.

అంతరించారంటే ఆ ఇల్లు ఎవరిదీ కాకుండా పోతుంది. ఎవరిదీ కాని ఇంట్లోకి ఎవరైనా చొరబడతారు. 1891లో స్వీడన్ నుంచి వచ్చిన గుస్టాఫ్ నార్డెన్‌షెల్డ్ ఇక్కడ తవ్వి, కుండలతో పాటు సమాధుల్లోని అస్థికలను కూడా పెట్టెల్లో సర్దుకుపోయాడు. అడ్డుకునే చట్టం అప్పటికి లేదు. 1906లో చట్టమూ వచ్చింది, పార్కూ వచ్చింది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి చేరిన ఆ సేకరణలోంచి 20 మంది అస్థికలను, వాళ్ళతో పూడ్చిన వస్తువులను వారసులు అడిగి తెచ్చుకుని మళ్ళీ ఈ నేలలోనే కప్పెట్టింది 2020లో! కుండలు చాలావరకూ ఇంకా అక్కడే ఉన్నాయి. నూట ముప్పై ఏళ్ళ తర్వాత కూడా తమవాళ్ళ ఎముకల కోసం వచ్చినవాళ్ళను అంతరించారనడానికి నోరెలా వస్తుంది?

సాయంత్రం కాలిబాట పక్కన మా చిన్నవాడికి చిల్లపెంకు దొరికింది. తెలుపు మీద నల్లటి గీతలు, గోటి పొడవు కూడా లేదు. జేబులో వేసుకోబోయాడు. తీసుకోవడం నేరమని బోర్డులున్నాయి, కానీ నేను చట్టం చెప్పలేదు. ఎవరింట్లోదో కదా నాన్నా, అన్నాను. వాడు కాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, అది ఉన్న గుంట వెతికి, గీతలు పైకి కనబడేలా మళ్ళీ అందులోనే పెట్టాడు.