'గలభా' అంటే ఏమిటి? తేల్చాల్సింది ఎవరు?

మా మూలకుళంలో ఎవరైనా తమిళంలో 'గలాటా చేయకు' అంటే గొడవ పడొద్దని కావచ్చు, ఆటపట్టించొద్దని కూడా కావచ్చు. ఏది అన్నది సందర్భాన్ని బట్టి పక్కనున్నవాళ్లకు తెలిసిపోతుంది. పరువునష్టం కేసులో కోర్టు ముందుగా తేల్చేది కూడా ఇదే: ఈ మాట విన్న మామూలు మనిషికి ఏమని అర్థమవుతుంది?

ఇక్కడ చాలామంది పొరబడతారు. రాసినవాడి మనసులో ఏముంది, ఫిర్యాదీ ఎంత నొచ్చుకున్నాడు అన్నవి మాట అర్థాన్ని నిర్ణయించవు. నేరం రుజువు కావడానికి ఉద్దేశం గానీ, పరువు పోతుందన్న ఎరుక గానీ, అలా నమ్మడానికి కారణం గానీ ఉండాలి. అది వేరే ప్రశ్న. పాత ఐపీసీ 499, ఇప్పటి బీఎన్ఎస్ 356 రెండూ చెప్పేది ఒకటే: ఇతరుల దృష్టిలో మనిషి స్థాయి తగ్గాలి. వ్యంగ్యంగా అన్నా మినహాయింపు లేదు. 1995లో చార్ల్స్‌టన్ కేసులో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ మరో మెట్టు చేర్చింది: శీర్షికను విడిగా కాదు, కింది వార్తతో కలిపి చదవాలి.

ఇప్పుడు మన తెలుగు ఉదాహరణ చూడండి. ఇది పరువునష్టం కేసు కాదు, సభాహక్కుల వివాదం. కానీ ప్రశ్న అదే. 1983 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన రభసపై ఈనాడు 'పెద్దల గలభా' అని శీర్షిక పెట్టింది. మండలి అంటే పెద్దల సభ కాబట్టి ఎవరి గురించో అందరికీ తెలుసు. మండలి దాన్ని హక్కుల ఉల్లంఘనగా తీసుకుంది. 1984 మార్చిలో సంపాదకుడు రామోజీరావు అరెస్టు దాకా వ్యవహారం వెళ్లింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 1985లో మండలే రద్దయింది.

సభ గౌరవాన్ని కాపాడుకునే అధికారం సభకే ఉండాలన్న వాదనలో బలం లేకపోలేదు. ప్రతిదానికీ కోర్టుకెక్కితే సభ స్వతంత్రత ఏమవుతుంది? అయినా నా అభిప్రాయం వేరు. పరువునష్టం కేసులో నొచ్చుకున్నవాడు ఫిర్యాదీ మాత్రమే. అర్థం తేల్చేది మూడో మనిషి. 'గలభా' విషయంలో నొచ్చుకున్నదీ, అర్థం చెప్పిందీ, శిక్షకు పూనుకున్నదీ మండలే. అప్పుడు మామూలు పాఠకుడికి చోటెక్కడిది?

194(3) అధికరణ సభాహక్కులను చట్టంతో నిర్వచించుకోవచ్చని చెబుతోంది. ఆ చట్టం చేసి, అందులో సామాన్య పాఠకుడి కొలమానాన్ని చేర్చాలి. మెయిన్స్‌లో వాక్‌స్వాతంత్య్రం మీద ప్రశ్న వస్తే 19(1)(ఎ), 19(2) రాసి ఆగిపోకండి. మాటకు హద్దు ఎక్కడన్న ప్రశ్నతో పాటు, ఆ మాటకు అర్థం చెప్పేది ఎవరన్న ప్రశ్న కూడా వేయండి.