గాజుపెట్టెలో పగడం: ఇక్కడ ‘మధ్యేమార్గం’ లేదు

మెయిన్స్‌కు సిద్ధమయ్యే మనందరికీ ఒక జబ్బు ఉంది. ఏ అంశమిచ్చినా అనుకూలంగా మూడు పాయింట్లు, ప్రతికూలంగా మూడు, చివర్లో ‘సమతుల్య దృక్పథం అవసరం’. ఇళ్లలో రాతి పగడాల పెంపకం మీద కరోల్ బాగ్‌లో మా బృందం రాసిన వ్యాసాలు దాదాపు అన్నీ అలాగే ముగిశాయి. నేనూ మొదట అలాగే రాసి, కొట్టేశాను. ఎందుకో చెబుతాను.

ముందు విషయం. రాతి పగడం మొక్క కాదు, రాయి కాదు, జంతువు. నీటిలోని కాల్షియం, కార్బొనేట్లతో అస్థిపంజరం కట్టుకుంటుంది. దాని కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలే దానికి చాలావరకు అన్నం పెడతాయి. నీరు కొన్ని వారాలపాటు మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే ఆ శైవలాలు వెళ్లిపోతాయి, పగడం తెల్లబడుతుంది. సిలబస్‌లో మనం చదివే ‘బ్లీచింగ్’ ఇదే.

ఇప్పుడు దీన్ని సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, గురుగ్రామ్‌లోనో నోయిడాలోనో ఒక ఫ్లాట్‌లో పెట్టండి. నీరు 25 డిగ్రీల దగ్గర నిలవాలి. అంటే మే నెలలో చిల్లర్, జనవరిలో హీటర్. బోరు నీరు పనికిరాదు. ఆర్‌ఓ నీటిలో ఉప్పు మిశ్రమం కలపాలి. కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైన ఉండాలి. కరెంటు కొన్ని గంటలు పోయి, పంపులకు ఇన్వర్టర్ లేకపోతే ప్రాణాలకే ముప్పు. ఇంత శ్రమపడేవాళ్ల ఓపికను నేను తక్కువ చేయను. కానీ ఓపిక వేరు, సంరక్షణ వేరు.

చట్టం ఏమంటోంది? 2001లో రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్-1లో చేర్చారు. ఒకటి రెండు జాతులను కాదు, ‘అన్ని స్క్లెరాక్టినియా’ అని మొత్తం వర్గాన్నే. పులి ఉన్న జాబితా అది. సముద్రంలోంచి పట్టి తేవడం కూడా ఈ చట్టం భాషలో ‘వేట’. షెడ్యూల్-1 నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు.

అభిమానుల మొదటి వాదన: ‘మేం సముద్రం నుంచి తేలేదు, ముక్క నుంచి పెంచాం.’ నిజమే, పగడాన్ని ముక్క చేసి అతికిస్తే పెరుగుతుంది. కానీ ఆ ముక్క తల్లి పగడానికి నకలు మాత్రమే. ఆ తల్లి ఎక్కడిది? ట్యాంకులో పెంచిన ముక్కనూ మన్నార్ సింధుశాఖలో విరిచిన ముక్కనూ పక్కపక్కన పెడితే తనిఖీకి వచ్చిన అధికారి చూపుతో తేడా చెప్పలేడు. అందుకే మొత్తం వర్గాన్ని జాబితాలో పెట్టడం సబబు.

రెండో వాదన: ‘సైటీస్ అనుబంధం-2లో ఉన్నవాటికి అనుమతితో వ్యాపారం చేయవచ్చు కదా?’ ప్రిలిమ్స్ చదివినవాళ్లే ఇక్కడ పొరబడతారు. సైటీస్ అంతర్జాతీయ వ్యాపారానికి కనీస హద్దు. అంతకంటే కఠినమైన చట్టం చేసుకునే హక్కును ఆ ఒప్పందం 14వ అధికరణమే సభ్య దేశాలకిచ్చింది. మనం చేసుకున్నాం.

మూడోది, నన్ను నిజంగా కదిలించినది, న్యాయం. తూత్తుకుడి తీరంలో సున్నం కోసం ఏళ్ల తరబడి పగడాలు తవ్వారు. నిషేధంతో ఆ కూలి పోయింది. జాలరికి ఆ నిషేధం వర్తించి, మహానగరపు డ్రాయింగ్ రూమ్‌కు ‘హాబీ’ అనే మినహాయింపు ఎలా వస్తుంది? పేదవాడి మీద మాత్రమే పనిచేసే చట్టం చట్టం కాదు, దర్పం.

‘మరి ఆ నైపుణ్యం వృథాయేనా?’ అంటారు. కాదు. 2020లో గుజరాత్‌లోని మిఠాపూర్ దగ్గర జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, అటవీ శాఖ కలిసి బయోరాక్ పద్ధతిలో పగడాల పునరుద్ధరణకు పూనుకున్నాయి. నీటి రసాయనం తెలిసిన చేతులు అలాంటి చోట, అనుమతితో, సముద్రంలోనే పనిచేయాలి. సోఫా పక్కన కాదు.

మిత్రులారా, సమతుల్యం అంటే ప్రతి ప్రశ్నకూ సగం అవును, సగం కాదు అనడం కాదు. రేపు మనలో ఎవరో ఒకరు డీఎఫ్‌ఓ కుర్చీలో కూర్చుంటారు. ఎదుట ఒక గాజుపెట్టె, దాని వెనక పలుకుబడి ఉన్న యజమాని ఉంటారు. ఆ రోజు రాయాల్సింది వ్యాసం కాదు, ఉత్తర్వు. దానికి సాధన ఇప్పటినుంచే మొదలుపెట్టాలి.