మలావీ అమ్మాయిలు: నెట్‌బాల్‌లో న్యూజిలాండ్‌నే ఓడించారు.. కానీ అసలు పోటీ బాల్య వివాహంతోనే!

ఆఫ్రికా దక్షిణ భాగంలోని చిన్న దేశం మలావీ. ప్రపంచంలోని అత్యంత పేద దేశాల్లో ఒకటి. క్రీడా వార్తల్లో ఈ దేశం పేరు వినిపిస్తోందంటే అది ఎక్కువగా అమ్మాయిల వల్లే. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో మలావీ నెట్‌బాల్ జట్టు 57-53 తేడాతో న్యూజిలాండ్‌కు షాకిచ్చింది. 2024లో అమెరికా మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో తెమ్వా చావింగా ఒకే సీజన్‌లో 20 గోల్స్ కొట్టి రికార్డు సృష్టించింది.

ఇది నాణేనికి ఒకవైపే. 2015-16 ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ 20-24 ఏళ్ల మహిళల్లో 42 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది.

బడి ఆగితే ఆట ఆగినట్టే

నెట్‌బాల్ చూడ్డానికి బాస్కెట్‌బాల్‌లాగే ఉంటుంది. జట్టుకు ఏడుగురు. బంతిని నేలకు కొడుతూ పరిగెత్తకూడదు, మూడు సెకన్లలో పాస్ ఇచ్చేయాలి. ఓ బంతి, రెండు రింగులు ఉంటే చాలు. అందుకే పల్లె బడుల్లోనూ ఆడేస్తారు. ఆస్ట్రేలియా లీగ్‌లో మెల్‌బోర్న్ విక్సెన్స్‌కు ఆడిన మ్వాయ్ కుమ్వెండా లాంటి స్టార్లు ఇక్కడి నుంచే వచ్చారు. కానీ పదమూడేళ్లకే పెళ్లి చేసి బడి మాన్పిస్తే ఆ పిల్లకు గ్రౌండ్ కూడా దూరమైనట్టే.

చట్టం ఒక్కటే సరిపోలేదు

2015లో పెళ్లి వయసు 18 అంటూ చట్టం తెచ్చారు. అయినా తల్లిదండ్రులు ఒప్పుకుంటే 15 ఏళ్లకే పెళ్లికి రాజ్యాంగంలో వీలుండేది. ఆ లొసుగును 2017లో సవరణతో మూసేశారు. అయితే పల్లెల్లో పెళ్లి మాట నడిచేది కోర్టుల్లో కాదు, సంప్రదాయ పెద్దలైన చీఫ్‌ల దగ్గర.

అక్కడే థెరిసా కచిందమోటో పేరు చెప్పుకోవాలి. 27 ఏళ్లు ఓ కాలేజీలో సెక్రటరీగా పనిచేసిన ఆమె 2003లో డెడ్జా జిల్లాలో చీఫ్ అయ్యారు. తన కింద ఉన్న 50 మంది పెద్దలతో బాల్య వివాహాలు ఆపుతామని సంతకాలు చేయించారు. మాట తప్పిన వారిని పదవి నుంచి పక్కన పెట్టారు. 800కు పైగా బాల్య వివాహాలను రద్దు చేసి పిల్లల్ని తిరిగి బడికి పంపారు. ఆడపిల్లలు పెద్దమనిషి అయ్యాక జరిపే దీక్షల్లో ‘శుద్ధి’ పేరుతో సాగే లైంగిక దోపిడీనీ నిషేధించారు.

గమనించాల్సిన విషయం ఏంటంటే.. ఆమె సంప్రదాయాన్ని కాదనలేదు. ఆ సంప్రదాయం తనకిచ్చిన అధికారాన్నే వాడారు.

ఇప్పుడేంటి?

మలావీ మధ్య, దక్షిణ ప్రాంతాల్లో వంశం, భూమి తల్లి వైపు నుంచే వస్తాయి. అక్కడా చిన్నవయసు పెళ్లిళ్లు ఆగలేదు. అంటే ఆచారం ఒక్కటే కారణం కాదు. కరవు వచ్చినా, పంట పోయినా ‘తినే నోరు ఒకటి తగ్గుతుంది’ అనే లెక్క పనిచేస్తుంది.

కచిందమోటో 2025లో కన్నుమూశారు. మహిళల ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్‌కు మలావీ తొలిసారి అర్హత సాధించిందీ ఈమధ్యే. ఒక చీఫ్ పట్టుదలతో వచ్చిన మార్పు ఆమె లేకున్నా నిలుస్తుందా? రేపటి తెమ్వాలు, మ్వాయ్‌లు గ్రౌండ్‌లో ఉంటారా, పెళ్లిపీటల మీద ఉంటారా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.