ఎకరం 177 కోట్లు... మరి ఇల్లు ఎవరికి?

2025 అక్టోబర్‌లో రాయదుర్గం పన్మక్తలో 7.67 ఎకరాల సర్కారు జాగను వేలం వేస్తే ఎకరం 177 కోట్ల రూపాయలకు పోయింది. మరుసటి నెలలో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం 137 కోట్లు పలికింది, రోజుల తేడాతోనే అక్కడ 151 కోట్లు దాటింది. హైదరాబాద్ సత్తా ఇదీ అని చప్పట్లు మోగాయి. మేం మాత్రం కాగితం, పెన్సిల్ పట్టుకుని లెక్క వేసుకున్నాం. ఎకరానికి 4,840 గజాలు. 177 కోట్లను భాగిస్తే గజం 3 లక్షల 65 వేలు. మామూలు కుటుంబం ఇల్లు కట్టుకునే రెండు వందల గజాల జాగకు 7 కోట్ల 30 లక్షలు. అందులో ఇటుక లేదు, ఇసుక లేదు, మేస్త్రీ కూలి లేదు. ఒట్టి మట్టి!

ఆ వేలంలో కొన్నది కంపెనీలు కదా, మనకేం సంబంధం అని ఊరుకునే పరిస్థితి లేదు. నల్లగొండలోనో కరీంనగర్‌లోనో ఉన్న రెండెకరాలు అమ్మి, కొడుకు ఫ్లాటుకు అడ్వాన్సు కట్టే తల్లిదండ్రులు మన చుట్టూ ఎంతమంది లేరు? ఆ పొలం తాత సంపాదించింది. కాలమైతే పండింది, కాకుంటే ఎండింది. ఎట్లున్నా అది వాళ్ల పేరు మీద ఉంది. దాన్ని అమ్మి ముప్పయ్యో అంతస్తులో గాలిలో వేలాడే మూడు గదుల కోసం ఇరవై ఏండ్ల అప్పులో దిగుతున్నారు. అందుకే అడుగుతున్నాం: కోకాపేట, నార్సింగి, గచ్చిబౌలి, కొండాపూర్ ఆ ధరకు తగినవేనా?

ముందు ఈ ధర ఎట్ల పుట్టిందో చూడాలి. 2006లో కోకాపేటలో హుడా వేలం వేసినప్పుడు ఎకరం 14 కోట్లు దాటిందని ఊరంతా నోరెళ్లబెట్టింది. ఆ తర్వాత కొన్నవాళ్లు హక్కుల తగాదాల్లో చిక్కి కోర్టుల చుట్టూ తిరిగారు, అది వేరే కథ. 2021 జూలైలో అదే కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలంలో గరిష్ఠ ధర 60 కోట్లు. 2023 ఆగస్టులో వంద కోట్ల 75 లక్షలు. 2025 నవంబర్‌లో 151 కోట్ల పైచిలుకు. ప్రతిసారీ అమ్మింది సర్కారే. ఒక్క ఎకరం వేలంలో ఎంతకు పోతే చుట్టుపక్కల పది కిలోమీటర్ల దాకా అదే రేటని బోర్డు పడుతుంది. పుప్పాలగూడలో అర ఎకరం ఉన్నవాడూ, తెల్లాపూర్‌లో వెంచర్ వేసినవాడూ, మణికొండలో పాత అపార్ట్‌మెంట్‌లో రెండు పడక గదులు అమ్మేవాడూ పేపర్ కటింగ్ చూపించి బేరం మొదలుపెడతాడు. వేలంలో పెరిగింది కొన్ని ఎకరాల ధరే. కానీ ఆ భారం నగరం మొత్తం మీద పడింది.

ఉమ్మడి రాష్ట్రంలో ఈ వేలాలు జరిగినప్పుడు మా భూములు అమ్ముకుంటున్నరని గొంతులు పగిలేలా అరిచాం. 2014లో రాష్ట్రం వచ్చింది. కుర్చీలో పార్టీలు మారాయి. వేలం పాట మాత్రం ఆగలేదు. అప్పుడు తప్పయిన పని ఇప్పుడు ఒప్పు ఎట్లయింది? అమ్మే చేయి మనదైతే అమ్మకం పుణ్యమైపోతుందా? ఖజానాకు పైసలు కావాలంటారు. పైసలు కావాలి, కాదనం. కానీ సర్కారు తన భూమిని ఒక్కసారే అమ్ముకోగలదు. ఆ ధరను భరించాల్సింది మాత్రం తర్వాతి తరాల కిరాయిదారులు, కొనుగోలుదారులు.

ఒక ఏరియాకు విలువ దానంతట అది రాదు. బంజారాహిల్స్ ఒకప్పుడు లంబాడాల గుడిసెలున్న రాళ్లగుట్ట. మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకున్న నాటికి అది ఊరికి దూరంగా ఉన్న గుట్ట. జూబ్లీహిల్స్ సొసైటీ 1962లో మొదలైనప్పుడూ అంతే. ఆ బండల మధ్య ఎవరుంటారని నవ్విన పెద్దమనుషులు చాలామంది ఉండేవారట. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరవకముందు అక్కడ భూమి కొనమంటే ముఖం తిప్పుకున్నవాళ్లున్నారు. మంజీరా నీళ్లొచ్చాయి, కృష్ణా నీళ్లొచ్చాయి, రోడ్లు పడ్డాయి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు చుట్టుకుంది. ఇవన్నీ ఎవరి పైసలు? ఆదిలాబాద్ నుంచి ఆలంపురం దాకా పెట్రోలు మీద పన్ను కట్టినవాళ్లవి. అంటే జనం పైసలతో పెరిగిన విలువను తిరిగి జనానికే గజాల లెక్కన అమ్ముతున్నారు.

ఇంకో మాట. 2006లో వచ్చిన జీవో 86తో హైదరాబాద్‌లో జాగ విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, ఎత్తు మీద అనుమతులు, ఫీజులు కడితే ఎన్ని అంతస్తులైనా లేపొచ్చు. అందుకే కోకాపేటలో యాభై అంతస్తుల భవనాలు చెరుకు గడల్లా లేస్తున్నాయి. అంతస్తులు పెరిగితే ఫ్లాటు ధర తగ్గాలి కదా అని అమాయకంగా అనుకుంటాం. జరిగేది తలకిందులు. ఎక్కువ కట్టొచ్చు కనుక బిల్డర్ భూమికి ఎక్కువ పెడతాడు. ఆ లాభం ముందే భూమి ధరలో కలిసిపోతుంది. కొనేవాడికి మిగిలేది రిజిస్ట్రేషన్ కాగితంలో ఉమ్మడి భూమిలో వాటా కింద రాసే ముప్పయ్యో నలభయ్యో గజాలు. భవనం పాతబడుతుంది, లిఫ్టులు అరుగుతాయి. నలభై ఏండ్ల తర్వాత మిగిలేది ఆ వాటాయే. కొనేముందు చదరపు అడుగుల లెక్క అడిగేవాళ్లే గానీ ఈ గజాల లెక్క అడిగేవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా కనబడరు.

ఇక ఇంటి లెక్క చూద్దాం. రెండు వేల చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు పదివేల లెక్కన రెండు కోట్లు అనుకుందాం. ఇంకా కడుతున్న ఇల్లయితే 5 శాతం జీఎస్టీ, అంటే పది లక్షలు. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, పదిహేను లక్షలు. పాతిక లక్షలు గడప తొక్కకముందే పాయె. కోటిన్నర అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏండ్లు. నెలకు కిస్తీ లక్షా 30 వేలు. చివరి కిస్తీ కట్టేనాటికి బ్యాంకుకు చేరేది 3 కోట్ల 12 లక్షలు. అదే ఫ్లాటు కిరాయికి తీసుకుంటే నెలకు 60 వేలు అనుకున్నా, రెండు కోట్ల మీద ఏడాదికి 7 లక్షల 20 వేలు, అంటే 3.6 శాతం. బ్యాంకు మన దగ్గర ఎనిమిదిన్నర తీసుకుంటుంటే ఇల్లు మూడున్నర ఇస్తోంది. మధ్యలో ఉన్న తేడాను ఎవరు పూడుస్తారు? ధర పెరుగుతూనే ఉంటుందన్న ఆశ పూడుస్తుంది. అంటే మనం కట్టేది గోడల ధర కాదు, రేపు మనకన్నా ఎక్కువ పెట్టి కొనేవాడొకడు వస్తాడన్న నమ్మకం ధర. అట్ల రానినాడు? ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్లకు హోంలోన్ సంగతి తెలియదు.

ఆ ఏరియాల్లో ఏ మంచీ లేదని మేం అనడం లేదు. నానక్‌రాంగూడలో రాత్రి షిఫ్టు చేసే ఆడబిడ్డకు పది నిమిషాల్లో ఇంటికి చేరడం చిన్న సంగతి కాదు. వనస్థలిపురం నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు రోజూ వచ్చిపోయేవాడి ఆయుష్షులో ఎన్ని గంటలు రోడ్డు మీద పోతున్నాయో అతని భార్యను అడగండి. కొలువుకు దగ్గరగా ఉండటానికి ఒక విలువ ఉంది. కానీ ఆ విలువ ఎంతో చెప్పేది కిరాయి, అమ్మకం ధర కాదు. దగ్గరగా ఉండాలంటే కిరాయికి ఉండొచ్చు. ఐటీ కొలువు ఏ క్షణాన ఊడుతుందో, ఏ క్షణాన బెంగళూరుకు పొమ్మంటారో తెలియనివాళ్లు ఇరవై ఏండ్లకు కాళ్లు కట్టేసుకోవడమే మాకు అర్థం కావడం లేదు. కిరాయి ఇంట్లో ఉంటే పిల్లనివ్వరని అంటారు. ఆ సంగతి మీద వేరే సంపాదకీయం రాయాలి.

ధర సౌకర్యాలను బట్టే ఉంటుందనేవాళ్లు ఒక్కసారి నాగోల్, ఉప్పల్ పోయి రావాలి. అక్కడికి మెట్రో 2017లోనే వచ్చింది. పడమటి వైపు రాయదుర్గం దాకా 2019లో వచ్చి అక్కడే ఆగింది. కోకాపేటకు మెట్రో లేదు, అయినా ధర ఆకాశంలో ఉంది. ఉప్పల్‌లో రైలు ఉంది, బస్సులున్నాయి, బడులున్నాయి, అంగళ్లున్నాయి, ధర మాత్రం పడమటితో పోల్చితే చాలా కింద. లేనిదల్లా కొలువుల గుంపు. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ పెట్టినా తూర్పుకు ఆ ఊపు రాలేదు. పెద్ద కంపెనీలన్నిటికీ ఒకే మూలన చోటు చూపించి, ఆ మూలన భూమిని వేలం వేసి, ట్రాఫిక్ పెరిగిందని ఫ్లైఓవర్లు కట్టి, ఫ్లైఓవర్ వచ్చిందని మళ్లీ ధర పెంచడం! దీన్ని అభివృద్ధి అంటున్నారు. బర్కత్‌పుర, నల్లకుంట, పద్మారావునగర్ వంటి పాత బస్తీల్లో నడిచిపోయే దూరంలో కూరగాయలు, డాక్టరు, బడి, బస్సు ఉంటాయి. వాటికి ఏ బ్రోచరులోనూ చోటు లేదు.

నీళ్ల సంగతి అడగనే వద్దు. గండిపేట చెరువు కూతవేటు దూరం. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరాన్ని కాపాడటానికి, దాని దాహం తీర్చడానికి కట్టిన చెరువు అది. ఆ పక్కనే ఉన్న నార్సింగి, మణికొండ, పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో 2024 ఎండాకాలం ట్యాంకర్ల కోసం పడిగాపులు కాశారు. రెండు కోట్ల ఇంట్లో బకెట్ లెక్కన నీళ్లు! పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే. నీళ్లు లేక ఒక గోస అయితే, నీళ్లు ఎక్కువై మరో గోస. 2020 అక్టోబర్ వాన రాత్రి ఏ కాలనీలు మునిగాయో గుర్తుంచుకుంటే చెరువులు ఎక్కడ ఉండేవో మ్యాపు అక్కర్లేదు. 2024లో హైడ్రా వచ్చాక తుమ్మిడికుంటలో ఫంక్షన్ హాలు కూలింది, అమీన్‌పూర్‌లో, కూకట్‌పల్లి నల్లచెరువు దగ్గర నిర్మాణాలు కూలాయి. దుర్గం చెరువు చుట్టూ బంగళాలకు నోటీసులు అంటించారు. లేక్ వ్యూ అని అదనంగా పెట్టి కొన్నవాడికి ఆ లేక్‌లోనే తన ఇల్లుందని నోటీసు వచ్చినప్పుడు తెలిసింది.

ఇంతకీ ఈ భవనాలు కట్టేది ఎవరు? పాలమూరు లేబరు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీలు. కట్టేదాకా రేకుల షెడ్డు, కట్టాక మరో సైటు. ఇంట్లో అంట్లు తోమే అమ్మ, కారు నడిపే డ్రైవర్, గేటు దగ్గర వాచ్‌మన్ ఎక్కడుంటారు? సెల్లార్‌లో మీటర్ల గది పక్కన, లేకుంటే రెండు బస్సులు మారి వచ్చే బస్తీలో. సర్కారు 2023లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇండ్లు ప్రారంభించింది. మంచిదే. కానీ పనిచేసే చోటు నుంచి పేదలను ఔటర్ రింగురోడ్డు అవతలికి పంపి, పనిచేసే చోట జాగను ఎకరం వంద కోట్లకు అమ్మడం ఏ న్యాయం? మధ్యతరగతికి ఇండ్లు కట్టివ్వడానికే పుట్టిన హౌసింగ్ బోర్డు కూడా 2025లో కూకట్‌పల్లిలో ఎకరం 70 కోట్లకు భూమి అమ్ముకుంది. ఒకప్పుడు అదే బోర్డు అక్కడే చిన్న జీతగాళ్లకు వాయిదాల మీద ఇండ్లిచ్చింది. ఆ ఇండ్లలో పెరిగిన పిల్లలకు ఇయ్యాల అదే కూకట్‌పల్లిలో ఇల్లు కొనే తాహతు లేదు.

కాబట్టి మా జవాబు సూటిగానే ఉంది. ఆ ఏరియాలు ఉండటానికి బాగానే ఉంటాయి, ఆ ధర పెట్టి కొనడానికి తగవు. ఊర్ల పొలం అమ్మి ఆ ధరలో దూకొద్దని మా పాఠకులకు చెబుతున్నాం. దూకక తప్పదనుకుంటే ఉమ్మడి భూమి వాటా ఎన్ని గజాలో, నీళ్ల కనెక్షన్ ఉందో ట్యాంకరేనో, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడుందో కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి. సర్కారును అడిగేది ఒక్కటే. వచ్చే వేలం నోటిఫికేషన్‌లో గరిష్ఠ ధర ఎంత వస్తుందోనని ఊరించడం కాదు. ఆ జాగలో ఎన్ని గజాలు నెలకు ముప్పయి వేల జీతగాడికి, ఎన్ని గజాలు ఆ భవనం కట్టే కూలీకి పక్కన పెడుతున్నారో అదే నోటిఫికేషన్‌లో అంకెలతో రాయండి.