పాతిక వేల డాలర్లు బరువయ్యాయట!

అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రం. పేరు మోసిన బ్రౌన్ యూనివర్సిటీ. 1991లో పైసల్లేవంటూ నాలుగు జట్లకు కోత పెట్టింది. మగపిల్లలవి వాటర్ పోలో, గోల్ఫ్. ఆడపిల్లలవి వాలీబాల్, జిమ్నాస్టిక్స్. చెరి రెండు! పైకి ఎంత న్యాయం!

లెక్క విప్పితే గుట్టు బయటపడుతుంది. ఏడాదికి మిగిలేది సుమారు 78 వేల డాలర్లు. అందులో 62 వేలు ఆడపిల్లల నోటికాడి ముద్దే. జిమ్నాస్టిక్స్ వాటా పాతిక వేలకు లోపే. అప్పటికే విద్యార్థుల్లో ఆడపిల్లలు 48 శాతం, క్రీడాకారుల్లో 37 శాతం లోపు. తక్కువున్న వాళ్లకూ ఎక్కువున్న వాళ్లకూ ఒకే కత్తెర పెడితే సమానత్వమా?

'రద్దు చేయలేదు కదా, చందాలు పోగేసుకుని ఆడుకోండి' అన్నది యాజమాన్యం. ఎట్లా ఆడాలి? జీతమిచ్చే కోచ్ ఉండడు. దెబ్బ తగిలితే చూసే ట్రైనర్ ఉండడు. సాధనకు మంచి సమయం దొరకదు. అడ్మిషన్లలో క్రీడాకారులకిచ్చే ప్రాధాన్యం పోతుంది. నాలుగంగుళాల బీమ్ మీద పల్టీ కొట్టే పిల్లను గాలికొదిలేయడమే ఇది. కొత్త పిల్లలు రారు, పాతవాళ్లు చదువు ముగించి పోతారు, జట్టు దానంతటదే ఖాళీ. అప్పుడు 'ఆసక్తి లేదు' అని రాసుకుంటారు. చెరువుకు గండి కొట్టి, చేపలెందుకు లేవని అడగడమంటే ఇదే!

ఆడపిల్లలు మర్లబడ్డారు. జిమ్నాస్ట్ ఎమీ కోహెన్, ఆమె తోటివాళ్లు 1992లో కోర్టుకెక్కారు. కేంద్ర నిధులు తీసుకునే విద్యాసంస్థలో ఆడ మగ వివక్ష చెల్లదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టమే వాళ్ల ఆయుధం. ఆడపిల్లలకు ఆటల మీద ఆసక్తే తక్కువని యూనివర్సిటీ వాదించింది. అవకాశమిస్తేనే ఆసక్తి పెరుగుతుందని 1996లో అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 1997లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. 1998లో యూనివర్సిటీ ఒప్పందానికి దిగొచ్చింది. పాతిక వేలకు గతిలేదన్న సంస్థకు ఆరేళ్లు లాయర్లను మేపడానికి మాత్రం సొమ్ములెక్కడివి?

కథ అక్కడితో ముగియలేదు. 2020లో అదే యూనివర్సిటీ మళ్లీ కత్తెర పట్టింది. 11 జట్లపై వేటు, అందులో ఐదు ఆడపిల్లలవి. మళ్లీ కోర్టు, మళ్లీ రాజీ. గుర్రపు స్వారీ, ఫెన్సింగ్ జట్లు తిరిగొచ్చాయి. బదులుగా 1998 ఒప్పందానికి 2024 ఆగస్టు 31తో కాలం చెల్లింది. రాజీ వద్దని కొందరు విద్యార్థినులు మొత్తుకున్నా, 2021లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది.

విద్యార్థులారా, ఉద్యోగులారా! మేము చెప్పేదొక్కటే. పోస్టు నింపకపోవడమూ రద్దే. నిధులు ఆపడమూ రద్దే. సీటు దారి మూయడమూ రద్దే. రద్దు అనే మాట రాయకుండానే రద్దు చేయడం పాలకులకు వెన్నతో పెట్టిన విద్య. అందుకే పైసల్లేవన్న ప్రతిసారీ ముందు లెక్కలడగాలి. ఒప్పందానికి గడువుంటుంది. హక్కుకు ఉండదు. కాపలా మానితే మాత్రం హక్కూ మిగలదు!